అనుమానం మీద దండయాత్ర చేయవచ్చా?

సంపాదకులకు,

ఆర్యా,

నిరంకుశుడు బలపడకముందే బయటి దేశాలు సైన్యంతో వెళ్లి అతణ్ణి దించడం న్యాయమేనా అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా, హిట్లర్‌ను 1936లోనే ఆపి ఉండాల్సిందన్న మాట వినబడుతుంది. ఆ మాటతో నేనూ ఏకీభవిస్తాను. ఆ మార్చి 7న జర్మన్ సేనలు రైన్‌లాండ్‌లో (ఫ్రాన్స్ సరిహద్దు వైపున, సైన్యం ఉంచకూడదన్న జర్మన్ ప్రాంతంలో) అడుగుపెట్టడం, మొదటి ప్రపంచ యుద్ధం తరువాత కుదిరిన వెర్సాయ్, లొకార్నో ఒప్పందాలు రెండింటికీ బాహాటమైన ఉల్లంఘన కనుక, ఫ్రాన్స్ కదిలి ఉంటే అది కళ్లెదుట జరిగిన పనికి జవాబయ్యేదే తప్ప, హిట్లర్ మనసులో ఏముందోనన్న ఊహకు కాదు.

ఇరాక్‌లో జరిగింది ఇందుకు తలకిందులు. సద్దాం 1988లో హలబ్జాలో విషవాయువుతో వేలమంది కుర్దులను చంపించినప్పుడు ఏ సైన్యమూ రాలేదు. పదిహేనేళ్ల తరువాత, సామూహిక విధ్వంసక ఆయుధాలు దాచాడన్న అనుమానంతో అమెరికా సైన్యం వచ్చింది. ఆ ఆయుధాలు దొరకలేదు.

1971 డిసెంబరులో, పాకిస్తాన్‌తో యుద్ధం వేళ, మా విజయనగరంలో దీపాల వెలుగు బయటికి పొక్కకుండా మా నాన్నగారు కిటికీ అద్దాలకు నల్ల కాగితం అంటించడం, గంజి జిగురు వాసన నాకింకా గుర్తున్నాయి. ఆ రోజుల్లోనే విశాఖ తీరంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది. తూర్పు బెంగాల్‌లో (నేటి బంగ్లాదేశ్‌లో) పాకిస్తాన్ సైన్యం ఊచకోత ఆ ఏడు మార్చి 25 రాత్రే మొదలై, సుమారు కోటిమంది శరణార్థులు మన దేశానికి వచ్చిపడ్డారు కనుక సాక్ష్యానికి కొదవ లేదు. మన సైన్యం ఆగింది వానలు వెనకబట్టి, సన్నాహాలు పూర్తయ్యేదాకా. అంతకు ముందే కదలగలిగి ఉంటే తొందరపాటని నేననను.

అయితే సాక్ష్యం ఉన్నంత మాత్రాన చాలదు, వచ్చినవారు ఎవరి పని మీద వచ్చారో కూడా చూడాలి. 1757లో బొబ్బిలి మీదికి ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులను వెంటబెట్టుకు వెళ్లింది మా విజయనగరం ప్రభువే. (ఈ మాట ఇక్కడ కొందరికి ఇప్పటికీ రుచించదు.) కోట కూలింది, కానీ కొద్ది రోజుల్లోనే ఆ ప్రభువు తాండ్ర పాపారాయుని చేతిలో హతుడయ్యాడు, ఫ్రెంచివారికి కావలసిందల్లా కప్పం బకాయిలు.

కాబట్టి సేన పంపే దేశం, ఏ పనికి జవాబుగా పంపుతున్నదో ముందే ప్రకటించాలి, తిరిగి వచ్చే గడువు కూడా చెప్పాలి. మన సైన్యం 1972 మార్చిలోనే బంగ్లాదేశ్ విడిచి వచ్చేసింది; 2003లో ఇరాక్‌లో దిగిన అమెరికా సేనలు 2011 డిసెంబరు దాకా అక్కడే ఉన్నాయి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
విజయనగరం