బోటేసుకుని వస్తానన్నావు కదా, ఇది చదివి బయల్దేరు

నెల్లూరు

ఒరేయ్ శీనా,

నీ ఉత్తరం అందింది. సంక్రాంతి దాటాక చెన్నై నుంచి బోటులో కృష్ణపట్నం దాకా వస్తానన్న మాట ఇంట్లో అందరికీ చదివి వినిపించినా. ఏ చేప పులుసు పెట్టాలా అని మా అమ్మ అప్పుడే ఆలోచనలో పడింది. మంచి రోజులే చూసుకున్నావు. ఈశాన్య గాలులు సద్దుమణిగి, వాయుగుండాల భయం తగ్గి సముద్రం నెమ్మదించే కాలం అది. అయినా కొన్ని సంగతులు ముందే చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

నువ్వు బోటు నడపడం నేర్చింది అమెరికాలో. అక్కడ సముద్రంలోంచి రేవులోకి వచ్చేటప్పుడు ఎర్ర బోయాలు, అంటే నీళ్ళ మీద తేలుతూ దారి చూపే గుర్తులు, కుడి చేతి వైపుంటాయి. మన దగ్గర దానికి పూర్తిగా తిరుగుడు. లోపలికి వస్తుంటే ఎర్రవి ఎడమన, పచ్చవి కుడిన. పగలు గుర్తుంటుందిలే. రాత్రి, ఒళ్ళు అలిసినప్పుడే చెయ్యి పాత అలవాటుకు పోతుంది. పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి స్టీరింగు పక్కన అంటించుకో. పడవల దీపాలు మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే, ఎడమ పక్క ఎరుపు, కుడి పక్క పచ్చ. ఎదురుగా ఆ రెండూ ఒకేసారి కనపడ్డాయంటే ఆ ఓడ నేరుగా నీ మీదికే వస్తోందని. ఇద్దరూ కుడికి తిప్పుకోవాలి.

దారిలో శ్రీహరికోట తగుల్తుంది. రాకెట్ ప్రయోగం ఉంటే ఆ ముందరి సముద్రంలోకి ఎవర్నీ రానివ్వరు, హెచ్చరిక ముందే ఇస్తారు. తేదీ చూసుకునే బయల్దేరు. అది దాటాక దుగరాజపట్నం ఎదురుగా ఆర్మగాన్ షోల్ అని నీళ్ళ కింద పొడుగాటి ఇసుక తిప్ప ఉంది. మద్రాసు కంటే ముందే, 1620ల్లో, ఇంగ్లీషు కంపెనీ వాళ్ళు వ్యాపార కొట్టు పెట్టిన ఊరే ఆ దుగరాజపట్నం. ఒడ్డు చూసుకుంటూ పోదామని తిప్పకూ ఒడ్డుకూ మధ్యలోకి దూరబాక. తిప్పకు బయటి నుంచే రా.

కృష్ణపట్నం బయట లంగరేసిన ఓడలు కనపడతాయి. వాటి ముక్కు ముందు నుంచి ఎప్పుడూ దాటొద్దు, నీటి వాలు నిన్ను గొలుసు మీదికి తోసేస్తుంది. వెనక నుంచి దాటు. రేవులోకి ఓడలొచ్చే ఛానెల్లో బొగ్గు ఓడ వస్తుంటే దాని దారిలోకి పోనే పోబాక. నిండు ఓడ ఇంజను వెనక్కి తిప్పినా కిలోమీటరు దాటిగానీ ఆగదు. దాని ముక్కు ముందు కొన్ని వందల మీటర్ల మేర పైనున్న కెప్టెనుకు నీళ్ళే కనపడవు, ఇంక నీ బోటేం కనపడుతుంది? ఇరవై మీటర్లలోపు పడవలు వాటికి అడ్డం రాకూడదని అంతర్జాతీయ నియమమే ఉంది. హారన్ గబగబా ఐదుసార్లు కొట్టిందంటే నువ్వేం చేస్తున్నావో వాళ్ళకు అర్థం కావట్లేదని. ఆలోచించకుండా పక్కకు తప్పుకో. లోపలికి రావాలంటే పోర్టు కంట్రోలు అనుమతి ముందే తీసుకోవాలి. వీహెచ్ఎఫ్ రేడియోలో పదహారో ఛానెలు ఎప్పుడూ తెరిచే ఉంచు.

అయితే శీనా, నాకు ఓడల కన్నా వలల భయమే ఎక్కువ. చీకట్లో సముద్రం ఖాళీగా కనపడుతుంది. థర్మాకోల్ ముక్కకు కర్ర గుచ్చి, దానికో నల్ల గుడ్డ కట్టి, పైన మినుకు మినుకుమనే చిన్న బ్యాటరీ లైటు పెట్టుంటారు. అలలో అది మునిగి తేలుతుంటుంది. అలాంటివి రెండు కనపడితే మధ్యలోంచి పోవద్దు, మధ్యలో ఉండేది వలే. వల బోటు కింది ఫ్యానుకు చుట్టుకుంటే ముందు ఇంజను ఆపు. ముందుకీ వెనక్కీ గేరు మారిస్తే ఇంకా బిగుస్తుంది. తప్పనిసరై కోయాల్సొస్తే ఆ పడవ వాళ్ళను వెతికి డబ్బులిచ్చేసి రా. అప్పు చేసి కొన్న వల రా అది, తెగితే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

పెన్న సముద్రంలో కలిసే మొగలోకి దూరి ఊటుకూరు చూస్తానన్నావే, అది మాత్రం మానుకో. 2021 నవంబరులో వచ్చినట్టు వరదొస్తే ఇసుక మేటలు ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోతాయి, సముద్రపు చార్టులో గీసిన లోతు అక్కడ ఉండదు. ఆటు నీళ్ళు బయటికి లాగుతుంటే తూర్పు నుంచి వచ్చే అల దానికెదురై నిలువునా లేస్తుంది. అంతగా చూడాలనుంటే బోటు కట్టేసి రా, ఆ ఊరి ఫైబరు బోటు అతన్ని బతిమాలుకుందాం. పోటు మీద తీసుకెళ్తాడు. ఒంగోలు దగ్గరి కొత్తపట్నం దాకా పోదామన్నా అక్కడ రేవే లేదు, అలల్లోంచి ఒడ్డుకెక్కించే పడవలకే అది. ఒంగోలు నుంచి కారులో పోదాం.

లైఫ్ జాకెట్లు ఒంటి మీద ఉండాలి, సీటు కింద కాదు. కోస్ట్ గార్డు నంబరు 1554. రేవులో ఒకటో నంబరు తుఫాను హెచ్చరిక ఎగరేసినా ప్రయాణం ఆపెయ్యి, పులుసు ఇంకో వారం ఆగుతుంది. బయల్దేరే ముందు ఎన్ని గంటలకు, ఎంతమంది, డీజిలెంత అన్నీ నాకు ఫోన్లో చెప్పు. చీకటి పడేలోపు నీ కబురు రాకపోతే నేనే కోస్ట్ గార్డుకు ఫోన్ చేస్తా.

చెల్లెమ్మకు అడిగానని చెప్పు.

నీ
రవణ