మన చదరంగ సంఘం: 2024–25 వార్షిక నివేదిక

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది అమలాపురంలో మన ఆదివారపు సాధన గోదావరి పోటెత్తి పంటు కట్టేసిన రోజుల్లో తప్ప ఆగలేదు. లంక గ్రామాల సభ్యులు ఆ వారాలు రాలేకపోవడం సహజమే గాని, ఊళ్లోనే ఉండి, పని చేస్తామని పేరిచ్చి, బల్లలు వేసే వేళకు కనబడని వారి విషయం కార్యవర్గాన్ని బాధించింది. హాలు కోసం మూడుసార్లు అర్జీ పెట్టినా సంబంధిత కార్యాలయం నుండి జవాబే రాలేదు.

ఈ ఏటి కార్యక్రమాలలో చెప్పుకోదగినది శ్రావణంలో జరిపిన ఆట సమీక్ష. విశ్రాంత ఉపాధ్యాయులైన మన సభ్యులొకరు నల్లపావులతో తాము ఓడిన ఆటను స్వయంగా గోడబోర్డు మీద పెట్టించారు. చెమటకు సిరా చెదిరి పదో ఎత్తు చదవరాకపోతే, ప్రత్యర్థికి ఫోను చేసి పూరించుకున్నాం.

అది ఇటాలియన్ ఆట అనే ఆరంభ పద్ధతిలోని రెండు గుర్రాల రక్షణ. తెల్లగుర్రం నాలుగో ఎత్తులో జీ5 గడికి దూకగా మాస్టారు డీ5కు బంటును నడిపారు. తెల్లబంటు దాన్ని చంపితే, ఐదో ఎత్తులో గుర్రంతో ఆ బంటును తిరిగి చంపారు. వెంటనే తెల్లగుర్రం ఎఫ్7లో పడి మంత్రికీ ఏనుగుకూ ఒకేసారి ఎసరు పెట్టింది. రాజు దాన్ని చంపగానే తెల్లమంత్రి ఎఫ్3 నుండి చెక్ చెప్పింది. మాస్టారి రాజు ఈ8కు వెనుదిరిగింది. డీ5లోని గుర్రం దక్కలేదు.

తప్పు అక్కడే జరిగిందని, రాజును ఈ6కు తెచ్చి గుర్రాన్ని కాచుకోవలసిందని గదిలోని వారంతా అన్నారు. అలా పెట్టి చూస్తే పోరు సాగుతుంది గాని, తెల్లవారి రెండో గుర్రం సీ3కి వచ్చి డీ5 మీద ఒత్తిడి పెంచుతుంది. అప్పుడొక ఇంటర్ విద్యార్థి పావులను ఐదో ఎత్తు దాకా వెనక్కి పెట్టి, బంటును చంపకుండా రెండో నల్లగుర్రాన్ని ఏ5కు పంపి తెల్ల బిషప్‌ను తరమాలని చూపించాడు. ఒక బంటు పోయినా నల్లపావులు చురుగ్గా బయటకు వస్తాయి. మాస్టారు లేచి వెళ్లి ఆ గుర్రాన్ని తమ చేతితోనే ఏ5లో నిలిపారు. ఎఫ్7లో తెల్లగుర్రాన్ని బలిచ్చే ఈ దాడి 1610 ప్రాంతంలో ఇటలీకి చెందిన పొలేరియో ఆడిన ఆటలోనే ఉందని తెలిసి పిల్లలు ఆశ్చర్యపోయారు.

గుడివాడలో పుట్టిన కోనేరు హంపి పేరు చెప్పుకొని చేరే పిల్లలు చాలామంది ఎత్తులు రాయడం లేదు. రాయని ఆటను సమీక్షించడం సాధ్యం కాదు.

జమాఖర్చులను కోశాధికారి చదువుతారు, లోటు లేదు. గది ఇచ్చిన గ్రంథాలయ కమిటీకి, గోడబోర్డు చేయించిన కొబ్బరి వర్తకులకు, ప్రతి వారం టీ పంపిన ఎదురింటి అమ్మగారికి, ముఖ్యంగా మాస్టారికి సంఘం కృతజ్ఞతలు. వచ్చే సమీక్షకు ఓడిన ఆటల కాగితాలను దసరాలోగా నాకు అందజేయగలరు.

ఇట్లు,
కార్యదర్శి