కారు పొడవు కొలిచే పన్ను ఎత్తునూ బరువునూ ఎందుకు కొలవదు?

సంపాదకులకు,

వెనక వేరుగా డిక్కీ ఉండే సెడాన్ కార్లు మన మార్కెట్ నుంచి ఒక్కొక్కటిగా తప్పుకోవడాన్ని జనం అభిరుచి మారిందన్న ఒక్క మాటతో సరిపెట్టడం న్యాయం కాదని, ఇందులో మన పన్ను విధానానికి పెద్ద పాత్రే ఉందని నా అభిప్రాయం. హోండా సివిక్ 2020లో, టొయోటా యారిస్ 2021లో, మారుతి సియాజ్ 2025లో సెలవు తీసుకున్నాయి. మా జిల్లాలో పెనుకొండ దగ్గర 2019లో సెల్టోస్ అనే ఎస్‌యూవీ (ఎత్తైన కారు)తో ఉత్పత్తి మొదలుపెట్టిన కియా కర్మాగారం 2023 జులై నాటికి పది లక్షల వాహనాలు తయారుచేస్తే, వాటిలో సెడాన్ ఒక్కటీ లేదు. ఆ కర్మాగారం ఈ కరవు నేలకు తెచ్చిన ఉపాధి విలువ తెలిసినవాణ్ని కనుక, కంపెనీలను నిందించడానికి ఈ లేఖ రాయడం లేదు. లాభం ఎటు ఉంటే పరిశ్రమ అటే మొగ్గుతుంది. ఆ మొగ్గు ఎటు ఉండాలో నిర్ణయించేది ప్రభుత్వ నిబంధనలు.

పొడవు నాలుగు మీటర్లకు, ఇంజను పెట్రోలైతే 1200 సీసీకి, డీజిలైతే 1500 సీసీకి మించని కార్లకు 2006 బడ్జెట్‌లో ఎక్సైజ్ సుంకాన్ని 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. చిన్న కార్లను ప్రోత్సహించాలన్న ఉద్దేశం మంచిదే. కానీ 2008లో 4,160 మిల్లీమీటర్ల పొడవుతో వచ్చిన స్విఫ్ట్ డిజైర్, ఆ రాయితీ కోసం 2012 నాటికి డిక్కీ కురచబారి 3,995 మిల్లీమీటర్లకు కుదించుకుపోయింది. ఆ తర్వాత ఎకోస్పోర్ట్, బ్రెజా, నెక్సాన్ వంటి ఎస్‌యూవీలు అదే నాలుగు మీటర్లలో ఒదిగి పైకి పెరిగాయి. పొడవుకు హద్దు గీసిన చట్టం ఎత్తును, బరువును పట్టించుకోలేదు మరి. జీఎస్టీలో నిన్నమొన్నటి వరకు పెద్ద ఎస్‌యూవీల మీద సెస్సుతో కలిపి 50 శాతం, మధ్యతరహా సెడాన్ల మీద 45 శాతం పన్ను ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి రెండూ 40 శాతమే. అంటే నేలకు దగ్గరగా ఉండే తేలికపాటి సెడాన్‌కూ, రెండు టన్నుల బండికీ ఉన్న ఆ కాస్త తేడా కూడా చెరిగిపోయింది.

ఇదంతా కొనేవాడి జేబు సంగతి మాత్రమే అయితే నేను కలం పట్టేవాణ్ని కాను. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో మరణించినవారు 1,68,491 మంది. వారిలో ద్విచక్ర వాహనాల మీద వెళ్లేవారు, పాదచారులు కలిపితే మూడింట రెండు వంతులకు కాస్త తక్కువ. బానెట్ పల్లంగా ఉన్న కారు ముందుగా కాళ్లకు తగులుతుంది, మనిషి దాని మీదికి ఒరుగుతాడు. గోడలా నిలువుగా ఉన్న బానెట్ దెబ్బ ఛాతీకి, పిల్లలైతే నేరుగా తలకు తగులుతుంది. బానెట్ ఎత్తు 40 అంగుళాలు దాటిన వాహనాలు ఢీకొన్నప్పుడు పాదచారి చనిపోయే అవకాశం, 30 అంగుళాల లోపు ఉండి వాలుగా ఉన్న కార్లతో పోలిస్తే దాదాపు 45 శాతం ఎక్కువని అమెరికాలోని ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హైవే సేఫ్టీ 2023లో తేల్చింది. ఉదయం ఏ బడి గేటు దగ్గరైనా కాసేపు నిలబడి చూడండి: పెద్ద ఎస్‌యూవీ ముందు నుంచి రోడ్డు దాటే చిన్న పిల్లవాడి తల బానెట్ అంచుకు కూడా అందదు, స్టీరింగ్ దగ్గర కూర్చున్న తండ్రికి వాడు కనిపించనే కనిపించడు. దీనికి తోడు, ముందు బిగించే ఇనుప బుల్ బార్లు చట్టవిరుద్ధమని, చర్యలు తీసుకోవాలని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసినా, అవి బిగించిన బండ్లు నేటికీ నిర్భయంగా తిరుగుతున్నాయి.

మన రోడ్లకు ఎత్తు బండే దిక్కు అనేవారి మాటలో నిజం లేకపోలేదు. కానీ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున వాలుగా ఉండాలి. అలా కడితే సెడాన్ అడుగుభాగం రాసుకోదు. కాలనీవాళ్లు సిమెంటుతో రాత్రికి రాత్రి పోసే నిట్టనిలువు దిమ్మలు, వానొస్తే మోకాలి లోతున నిలిచే నీళ్లు మధ్యతరగతి మనిషిని ఎస్‌యూవీ షోరూము వైపు నడిపిస్తున్నాయి. పురపాలక సంఘాలు చేయాల్సిన పనికి కొనుగోలుదారుడు లక్షలు అదనంగా చెల్లిస్తున్నాడన్నమాట.

జీఎస్టీ మండలిలో మన రెండు రాష్ట్రాల ఆర్థిక మంత్రులూ సభ్యులే. పొడవు, ఇంజను సామర్థ్యంతో పాటు బరువును, బానెట్ ఎత్తును కూడా పన్నుకు కొలమానం చేయాలని వారు మండలిలో పట్టుబట్టాలి. ఫ్రాన్స్ 2022 నుంచి బరువైన కార్ల రిజిస్ట్రేషన్ మీద ప్రత్యేక పన్ను వేస్తోంది కనుక ఇది అసాధ్యమేమీ కాదు. రాష్ట్రాల చేతిలోనే ఉన్న లైఫ్ ట్యాక్సును ఇప్పుడు బండి ధరను బట్టి వసూలు చేస్తున్నారు. అందులో ఈ మార్పు తేవడానికి ఢిల్లీ వైపు చూడాల్సిన అవసరం కూడా లేదు. కార్ల భద్రతను పరీక్షించే భారత్ ఎన్‌క్యాప్ తన నక్షత్రాలను లోపల కూర్చునే పెద్దలకు, పిల్లలకు వేర్వేరుగా ప్రకటిస్తున్నట్లే, బండి బయట ఉన్నవారికి ఎంత రక్షణ ఉందో చెప్పే నక్షత్రాలనూ షోరూములో కొనేవారి కళ్లెదుట ఉంచాలి.

ఒక పాఠకుడు,
హిందూపురం