పుటాకార గ్రేటింగు: మసక గీతలకు కారణం కొలతలే

సంపాదకులు గారికి,

ఆచార్య రంగధామరావు గారి కాలం నుంచీ స్పెక్ట్రోస్కోపీకి (కాంతిని రంగులుగా విడదీసి చదివే శాస్త్రానికి) పేరున్న ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉన్న ఊరు మనది. ఇక్కడి కళాశాలల్లో పుటాకార గ్రేటింగుతో, అంటే సన్నని గీతలు గీసిన, లోపలికి వంగిన అద్దంతో, కాంతిని రంగుల గీతలుగా విడదీసే స్పెక్ట్రోమీటరు కట్టబోయే విద్యార్థుల కోసం ఈ ఉత్తరం. స్పెక్ట్రం గీతలు మసగ్గా వస్తే గ్రేటింగు నాసిరకమని సరిపెట్టుకుంటారు. చాలాసార్లు తేడా టేపు కొలతలోనే ఉంటుంది.

అమెరికా భౌతికశాస్త్రవేత్త రోలాండ్ 1882లో చూపిన వృత్తానికి గ్రేటింగు వక్రతా వ్యాసార్ధమే వ్యాసం. దాన్ని వ్యాసార్ధమనుకుంటే మొదటికే మోసం. కాంతి లోపలికి వచ్చే సన్నని చీలిక (స్లిట్టు), గీతల్ని పట్టే సెన్సరు రెండూ ఆ వృత్తం మీదే ఉండాలి. వక్రతా వ్యాసార్ధం 1 మీటరు, మిల్లీమీటరుకు 600 గీతలు, కాంతి పడే కోణం 20 డిగ్రీలు అనుకుందాం. గ్రేటింగు నుంచి స్లిట్టు దూరం 940 మి.మీ. సోడియం పసుపు కాంతి గ్రేటింగుకు దాదాపు లంబంగానే వస్తుంది కనుక సెన్సరు 1000 మి.మీ. దగ్గర. స్లిట్టునూ 1000 దగ్గరే పెట్టారో, ఫోకస్ 54 మి.మీ. గ్రేటింగు వైపు జరిగిపోతుంది. గ్రేటింగు వెడల్పు 50 మి.మీ. అయితే సెన్సరు మీద మసక 2.8 మి.మీ. సోడియం పసుపు కాంతిలోని జంట గీతల మధ్య ఎడమే 0.36 మి.మీ., ఇక అవి విడిగా ఎక్కడ కనిపిస్తాయి?

కొలతలు కుదిరితే కోమా (గీత ఒక పక్కకు తోకలా సాగడం) కూడా పోతుంది. ఆస్టిగ్మాటిజం మాత్రం పోదు. స్లిట్టులోని ఒక్క చుక్క సెన్సరు మీద నిలువుగా సాగుతుంది. గ్రేటింగు మీది గీతల పొడవు 30 మి.మీ. అయితే ఈ సాగుడు 3.7 మి.మీ. చాలామంది వాడే టీసీడీ1304 అనే ఒకే వరస పిక్సెళ్ల సెన్సరులో పిక్సెల్ ఎత్తు 0.2 మి.మీ. మాత్రమే. వచ్చిన వెలుతురులో దక్కేది పద్దెనిమిదో వంతు. గ్రేటింగుకు పైనా కిందా నల్లకాగితం అడ్డం పెడితే సాగుడు తగ్గుతుంది, దాంతోపాటు వెలుతురూ తగ్గుతుంది, ఒరిగేదేమీ లేదు. నిలువు దిశలో మాత్రం 940 మి.మీ. వక్రతా వ్యాసార్ధంతో చేసిన టొరాయిడల్ గ్రేటింగు అసలు మందు, ఖరీదు ఎక్కువ. సెన్సరు ముందు నిలువు దిశలో మాత్రమే కాంతిని కుదించే స్తూపాకార కటకం పెట్టడం చవకైన దారి. అతినీలలోహితానికి ఆ కటకం క్వార్ట్జ్‌ది కావాలి.

స్లిట్టు గ్రేటింగు గీతలకు సమాంతరంగా లేకపోవడం ఎక్కువమంది పట్టుకోలేని తప్పు. 5 మి.మీ. స్లిట్టు ఒక్క డిగ్రీ వాలినా గీత 0.09 మి.మీ. లావెక్కుతుంది. ఆస్టిగ్మాటిజం ఆ వాలును కప్పేస్తుంది కనుక గీత వంకరగా కనిపించదు, మొద్దుగా కనిపిస్తుంది. విద్యార్థి స్లిట్టును ఇంకా ఇంకా సన్నం చేస్తూ పోతాడు, వెలుతురు చచ్చిపోతుంది. జంట గీతల్ని చూస్తూ స్లిట్టును దాని తలంలోనే నెమ్మదిగా తిప్పి, అవి బాగా సన్నబడిన చోట బిగించాలి.

పరీక్షకు ప్రయోగశాలలోని అల్పపీడన సోడియం దీపమే వాడండి. పాత వీధి దీపాల్లోని అధికపీడన సోడియంలో గీతలు వాటంతటవే వెడల్పుగా వస్తాయి. మన సముద్రపు గాలికి గ్రేటింగు పెట్టెలో సిలికా జెల్ తప్పనిసరి. దుమ్ము పడితే రబ్బరు బుడ్డితో ఊదడమే, గుడ్డ తగలనివ్వకూడదు.

– భౌతికశాస్త్ర అధ్యాపకులు, విశాఖపట్నం