సిరప్ ఇచ్చి పంపించేశారని బెంగపడకు

ఒరేయ్,

పాపకి జ్వరం తగ్గిందని చదివాక ప్రాణం కుదుటపడింది. నువ్వేమో "ఎముకకి ఇన్ఫెక్షన్ వస్తే ఐవీ (నరంలోకి ఎక్కించే మందు) ఆపేసి సిరప్ రాసిస్తారా!" అని డాక్టర్ మీద విరుచుకుపడ్డావు. కాస్త ఆగరా బాబూ.

ఒకప్పుడు ఈ జబ్బుకి వారాల తరబడి ఆసుపత్రి మంచమే గతి. ఫిన్లాండ్‌లో పెల్టోలా అనే డాక్టర్ బృందం పిల్లల మీదే ట్రయల్ చేసింది. మొదటి కొద్ది రోజులు ఐవీ, తర్వాత నోటిమందు ఇస్తే, చిక్కుల్లేని కేసుల్లో మొత్తం 20 రోజులు చాలని తేల్చింది. 2021లో వచ్చిన అమెరికా మార్గదర్శకాలు 3 నుంచి 4 వారాలంటాయి. అంతకాలం నరంలో గొట్టం ఉంచితే దానివల్లే మళ్లీ ఇన్ఫెక్షన్, రక్తం గడ్డకట్టడం... ఎందుకొచ్చిన గొడవ?

జ్వరం పోయింది, కాలు కదుపుతోంది, సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే రక్తపరీక్ష) దిగుతోంది. ఐవీ నుంచి సిరప్‌కి మార్చడానికి చూసేది వీటినే. ఈఎస్ఆర్ ఇంకా ఎక్కువుందని టెన్షన్ పడకు, అదీ అలాంటి రక్తపరీక్షే కానీ మెల్లగానే దిగుతుంది. మొదటి ఎక్స్‌రే నార్మల్‌గా రావడమూ వింత కాదు. ఎముకలో మార్పు అందులో కనిపించడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది, అందుకే ఎమ్మారై తీశారు. అదృష్టం, కీలులోకి పాకలేదు. అదే తుంటి కీలులో చీము చేరితే మందులతో కాలక్షేపం చేయరు, వెంటనే తెరిచి కడగాల్సిందే.

ఇక డోసు. మందుల షాపులో "ఇంత ఎక్కువా?" అన్నారని హడలిపోయావు. పాపకి రాసిన సిరప్, సెఫాలెక్సిన్ అనే యాంటీబయాటిక్, మామూలు చర్మం ఇన్ఫెక్షన్లకి కిలో బరువుకి రోజుకి 25 నుంచి 50 మిల్లీగ్రాములు ఇస్తారు. ఎముకలోకి మందు సరిపడా చేరాలి కాబట్టి 100 దాకా వెళ్తారు. షాపువాడి మాట విని తగ్గించావంటే ఊరుకోను! సీసా చకచకా ఖాళీ అవుతుంది, అడుగంటకముందే ఇంకోటి తెచ్చిపెట్టుకో. నీళ్లు కలిపాక ఫ్రిజ్‌లో పెట్టాలి, 14 రోజులు దాటితే పారబోయాలి. చెంచాతో వద్దు, సిరంజితోనే కొలువు. ఉమ్మేస్తోందన్నావుగా, సిరంజి కొన బుగ్గ లోపలికి పెట్టి కొద్దికొద్దిగా వదులు. వాంతి చేసుకుంటే మళ్లీ ఇవ్వాలా అన్నది డాక్టర్నే అడుగు.

నాలుగు రోజుల్లో గెంతులేస్తుంది చూడు, అప్పుడే "బాగయిపోయిందిగా" అని మందు ఆపాలనిపిస్తుంది. ఆపకు. మళ్లీ జ్వరం వచ్చినా, కుంటినా, ఆ చోట ముట్టుకోనివ్వకపోయినా చెకప్ తేదీ దాకా ఆగకుండా తీసుకెళ్లు.

రాత్రి డోసు మాత్రం నువ్వే వెయ్యి, చెల్లెమ్మని కాస్త పడుకోనివ్వు. వచ్చే సీఆర్‌పీ ఎంతొచ్చిందో రాయి.

నీ
డాక్టర్ దోస్తు