చొక్కా విప్పడానికి భయపడే కుర్రాళ్ల కోసం

సంపాదకుడు గారికి నమస్కారం.

వ్యాయామ ఉపాధ్యాయుడిగా ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాను. ఇప్పటికీ రోజూ తెల్లవారుజామున శ్రీకాకుళంలో ఆర్మీకి తయారయ్యే కుర్రాళ్ల చేత పదహారు వందల మీటర్లు పరిగెత్తిస్తుంటాను. మే నెల ఉక్కలో కూడా రెండేసి బనీన్లు వేసుకుని, పైన వదులు చొక్కా తొడుక్కుని పరిగెత్తేవాళ్లు ప్రతి బ్యాచిలోనూ ఇద్దరు ముగ్గురు ఉంటారు. అందరూ నాగావళిలో దిగితే వాళ్లు గట్టునే కూర్చుంటారు. ఒకడిని పక్కకి పిలిచి అడిగితే, ‘‘పరుగుకి భయం లేదండి మాస్టారూ. మెడికల్లో సొక్కా ఇప్పమంటారు కదండి, దానికే’’ అన్నాడు.

మగపిల్లలకు రొమ్ము పెరగడాన్ని డాక్టర్లు గైనకోమాస్టియా అంటారు. ఇప్పుడు ఫోను తెరిస్తే చాలు, దీనికి ఆపరేషన్ చేస్తామనే ప్రకటనలే. గంటలో అయిపోతుందట, మచ్చ ఉండదట, మర్నాడే పనికి వెళ్లిపోవచ్చట. ఆ మాటలు నమ్మి అప్పు చేసి వెళ్లిన పిల్లలను చూశాక ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆపరేషన్ వద్దని నేననను. అవసరమైనవాడికి అది మంచి వైద్యమే. కానీ కత్తి కిందకి వెళ్లేవాడికి ఏం జరుగుతుందో ముందే పూర్తిగా చెప్పాలి.

ముందు తల్లిదండ్రులకు ఒక మాట. పద్నాలుగు, పదిహేనేళ్ల వయసులో హార్మోన్లు సర్దుకునేటప్పుడు సగానికి పైగా మగపిల్లలకు ఎంతో కొంత ఇలా వస్తుంది. చాలామందికి ఆరు నెలల నుంచి రెండేళ్లలో దానంతటదే తగ్గిపోతుంది. ఆ వయసు పిల్లాడిని ఆపరేషన్‌కి తొందరపెట్టకండి. ఇంట్లోవాళ్లు, స్నేహితులు వెక్కిరించకుండా ఉంటే వాడికి సగం బాధ తీరిపోతుంది. లావు వల్ల వచ్చిన కొవ్వయితే తిండి, పరుగు చూసుకుంటే కరుగుతుంది. చనుమొన వెనక రబ్బరు బిళ్లలా గట్టిగా చేతికి తగిలితే అది గ్రంథి. ఏడాది దాటి గట్టిపడిపోయిన గ్రంథికి మందులు పెద్దగా పనిచేయవు, ఎంత పరిగెత్తినా కరగదు. ఆపరేషన్ మాట అప్పుడే రావాలి.

అప్పుడు కూడా ముందు కారణం వెతకాలి. థైరాయిడ్, లివర్, కిడ్నీ, హార్మోన్ల రక్తపరీక్షలు చేయించాలి. వృషణాల్లో గడ్డ ఉందేమో డాక్టరు చేత్తో చూడాలి. సిగ్గుపడి దీన్ని వదిలేయకూడదు, ఎందుకంటే అక్కడి గడ్డ వల్ల కూడా రొమ్ము పెరగవచ్చు. బీపీకి, గుండెకు వాడే స్పైరోనోలాక్టోన్ లాంటి మందులు, మానసిక జబ్బులకు ఇచ్చే కొన్ని మాత్రలు, జిమ్ముల్లో కండల కోసం పొడిపించుకునే స్టిరాయిడ్ ఇంజెక్షన్లు కూడా కారణం కావచ్చు. ఈ ఇంజెక్షన్ల సంగతి పిల్లలు ఇంట్లో చెప్పరు, డాక్టరు దగ్గరైనా దాచకూడదు. కిడ్నీలు పాడైనవాళ్లకూ ఇది వస్తుంది. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం మన జిల్లాలోనే ఉంది. ఆ వైపు నుంచి వచ్చిన కుర్రాడికి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చూడకుండా ఆపరేషన్‌కి తేదీ ఇస్తే ఏమనాలి? ఇక ఒకవైపే గట్టి గడ్డ ఉన్నా, చనుమొన నుంచి రక్తం కారినా ఆలస్యం చేయకూడదు. రొమ్ము క్యాన్సర్లలో నూటికి ఒకటి మగవాళ్లకే వస్తుంది.

ఇక ఆపరేషన్. సాధారణంగా ఒకటి రెండు గంటలు పడుతుంది. ఎక్కువగా పూర్తి మత్తు ఇస్తారు. సన్నని గొట్టంతో కొవ్వు లాగేసి, చనుమొన చుట్టూ ఉండే నల్లటి వలయం కింది అంచున కోసి గ్రంథి తీస్తారు. గ్రంథి మొత్తం గోకేస్తే చనుమొన గుంటలా లోపలికి పోతుంది కాబట్టి దాని కింద పలుచగా కొంత ఉంచుతారు. ‘అంతా తీసేయండి డాక్టరు గారూ’ అని పట్టుబట్టే తండ్రులకు ఇది తెలియాలి. కోత ఉన్నచోట మచ్చ ఉంటుంది. వలయం అంచులో కలిసిపోయి కాలక్రమేణా కనబడీ కనబడకుండా అవుతుంది కానీ, అసలు మచ్చే ఉండదనడం అబద్ధం. చర్మం బాగా సాగిపోయినవాళ్లకు చర్మం కూడా తీయాలి, అప్పుడు మచ్చ ఇంకా పెద్దదవుతుంది. తీసిన ముక్కను బయాప్సీకి, అంటే క్యాన్సర్ లాంటిదేమైనా ఉందేమో చూసే ల్యాబ్ పరీక్షకి, పంపారో లేదో అడగండి.

మొదటి రెండు మూడు రోజులు నొప్పి, వాపు ఉంటాయి. రెండు మూడు వారాల దాకా చర్మం కమిలి ఉండొచ్చు. లోపల చేరే నీరు పోవడానికి కొందరికి ఒకటి రెండు రోజులు గొట్టం ఉంచుతారు. ఛాతీకి బిగుతుగా పట్టే ప్రత్యేకమైన బనీను నాలుగు నుంచి ఆరు వారాలు వేసుకోవాలి. మన ఎండలకి అది చెమటతో తడిసి చీదర పుట్టిస్తుంది, అయినా తీయకూడదు. మార్చుకోవడానికి రెండు కొనుక్కోవడం మంచిది. కుర్చీలో కూర్చుని చేసే పనికి వారం రోజుల్లో వెళ్లొచ్చు. బరువులు, పుషప్‌లు, పుల్లప్‌లు నాలుగు నుంచి ఆరు వారాలు బంద్. చనుమొన దగ్గర కొన్నాళ్లు స్పర్శ తెలియకపోవచ్చు, కొద్దిమందికి అది పూర్తిగా తిరిగి రాదు. రెండు వైపులా అచ్చు ఒకేలా రాకపోవచ్చు కూడా. వాపంతా దిగి అసలు ఆకారం తెలియడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఆ తర్వాత ఒళ్లు పెంచినా, స్టిరాయిడ్లు వాడినా మళ్లీ రావచ్చు.

నా దగ్గరికి వచ్చే కుర్రాడొకడు ఇవేవీ తెలియకుండానే వెళ్లాడు. తండ్రి కళాసీ పని చేస్తాడు. వడ్డీకి తెచ్చి కట్టారు. రక్తపరీక్షలు పేరుకే చేశారు. ఆపరేషన్ అయిన సాయంత్రమే బస్సెక్కించి పంపేశారు. విశాఖ నుంచి వంద కిలోమీటర్లకు పైగా, గుంతగుంతకీ ఛాతీ పట్టుకుని కూర్చున్నాడట. ఆర్మీ భర్తీ ర్యాలీ దగ్గర పడుతోందని పన్నెండో రోజునే మైదానానికి వచ్చేశాడు. నాకు చెప్పలేదు. చెప్పి ఉంటే గేటు దగ్గరే ఆపేసేవాడిని. నాలుగు రోజులకి ఒకవైపు నీరు చేరి ఉబ్బింది. మళ్లీ వెళ్లి రెండుసార్లు సూదితో తీయించుకోవలసి వచ్చింది. ఆ ర్యాలీ పోయింది, అప్పు మిగిలింది. బిగుతు బనీను ఎన్నాళ్లు వేసుకోవాలో కూడా ఆ ఆస్పత్రిలో వాడికి ఎవరూ చెప్పలేదు.

జిల్లా వైద్య ఆరోగ్య శాఖ వారిని రెండు కోరుతున్నాను. ర్యాలీలకు కనీసం ఆరు నెలల ముందు, ఆర్మీ, పోలీసు ఉద్యోగాలకు తయారయ్యే పిల్లలకు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో ఒక పరీక్షా శిబిరం పెట్టండి. సర్జన్, ఫిజీషియన్ ఇద్దరూ ఉండాలి, చొక్కా విప్పడానికి చాటుగా ఒక గది ఉండాలి. ఎవరికి ఆపరేషన్ అవసరం, ఎవరు ఆగితే చాలు, ప్రభుత్వ ఆసుపత్రిలో ఎక్కడ చేయించుకోవచ్చు, ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ) వర్తిస్తుందా అన్నవి అక్కడే తేల్చి చెప్పండి. రెండోది, మచ్చ లేకుండా, మర్నాడే పనికి అని రాసే ప్రకటనల మీద చర్య తీసుకోండి.

శిబిరం ఏ రోజు పెట్టినా సరే, గట్టున కూర్చునే పిల్లలను నేనే వెంటబెట్టుకుని వస్తాను.

– ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం