వైశాఖంలో సూటు: గుడ్డ ఎంపికపై ఒక ఉత్తరం

అమలాపురం

ప్రియమిత్రమా,

నీ ఉత్తరం అందింది. మీ వాడి పెళ్లి వైశాఖంలో భీమవరంలో కుదిరిందనీ, రిసెప్షన్‌కు తండ్రీకొడుకులిద్దరూ సూట్లు కుట్టించుకోదలచారనీ చదివి సంతోషించాను. అయితే ఏ గుడ్డ తీసుకోమంటావని అడుగుతూనే, సూపర్ 150 ఉన్ని గుడ్డ తీసుకుంటే తిరుగుండదు కదా అని జవాబు కూడా నువ్వే రాసేశావు. నా అభ్యంతరం అక్కడే.

ఆ అంకె ఉన్ని పోగు ఎంత సన్ననిదో చెబుతుందే తప్ప, గుడ్డ ఎంత చల్లనిదో, ఎన్నాళ్లు మన్నేదో చెప్పదు. సూపర్ 100 అంటే పోగు సగటు మందం 18.75 మైక్రాన్లకు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) మించకూడదు. సూపర్ 150 అయితే 16.25కు మించకూడదు. పోగు సన్నబడే కొద్దీ గుడ్డ పట్టులా చేతికి జారుతుంది గానీ, రాపిడికి తొందరగా అరుగుతుంది, ముడతలు కూడా త్వరగా పడతాయి. చుట్టూ చెరువులూ కాలువలూ ఉన్న ఊళ్లో, ఆ నెల ఉక్కలో, వచ్చిన ప్రతి చుట్టమూ కౌగిలించుకునే వేళ ఆ సుకుమారం ఎంతసేపు నిలుస్తుంది?

నా మాట వింటే సూపర్ 100 లేదా 110లో, చదరపు మీటరుకు సుమారు 240 గ్రాములు తూగే, పురి ఎక్కువ పెట్టిన నూలుతో సాదా నేత నేసిన ఉన్ని తీసుకో. వేసవిలో ఉన్ని ఏమిటని నవ్వకు. ఉన్ని తేమను పీల్చుకుని వదులుతుంది, నేత వదులుగా ఉంటే గాలి ఆడుతుంది. గుడ్డను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే సన్నటి రంధ్రాలు కనిపించాలి. గుప్పెట్లో నలిపి వదిలితే క్షణాల్లో సర్దుకోవాలి. పాలిస్టరు బాగా కలిసిన గుడ్డ ముడతపడదన్న మాట నిజమే, కానీ చెమటను బయటకు పోనివ్వదు. అనుమానముంటే అంచు పోగులు నాలుగు అడిగి కాల్చి చూడు: ఉన్ని వెంట్రుక కాలిన వాసన వేసి పొడి అవుతుంది, పాలిస్టరు కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది. లినెన్ కోటు పగటి వేడుకకు ఎంతో అందం. లినెన్ ప్యాంటు మాత్రం మొదటి బంతి లేచేలోపే నలిగి నిన్ను నిద్రలేచిన వాడిలా నిలబెడుతుంది.

పన్నా 58 అంగుళాలైతే ఒక సూటుకు మూడుంబావు మీటర్లు చాలు. నీ పొట్టను దృష్టిలో పెట్టుకుని ఇంకాస్త ఎక్కువే తీసుకో; గళ్ల గుడ్డయితే కుట్ల దగ్గర గళ్లు కలపడానికి మరికొంత పడుతుంది. కోటుకంటే ప్యాంటు ముందు అరుగుతుంది కనుక, రెండో ప్యాంటుకు గుడ్డ అదే తానులోంచి అప్పుడే కోయించు; తరువాత వెతికితే అదే రంగు దొరకదు.

అస్తరు విషయం చాలామంది పట్టించుకోరు. ఎంత మంచి ఉన్ని కొన్నా లోపల పాలిస్టరు అస్తరు నిండుగా వేస్తే గొడుగు గుడ్డ కట్టుకున్నట్టే. విస్కోస్, అంటే రేయాన్ గుడ్డ వేయమను, వీపు సగానికే వేయమను. మా తమ్ముడి పెళ్లికి కుట్టించిన నా కోటులో, రొమ్ము భాగం బిగువుగా నిలబడేందుకు లోపల కుట్టే కాన్వాసుకు బదులు జిగురు గుడ్డ అంటించారు. రెండు ఉతుకులకే ఎదురు రొమ్ము మీద అప్పడంలా బుడగలు లేచాయి. నువ్వు కుట్టిన కాన్వాసే అడుగు, కూలి ఎక్కువైనా సరే. కత్తెర పడేముందు గుడ్డకు ఆవిరి పట్టించమని మాస్టారికి మరీ మరీ చెప్పు.

రాజమండ్రి తాడితోటలో కొందామంటే, పగటి వెలుతురులో రంగు చూసుకునేలా ఉదయాన్నే వెళ్దాం. రోజు ఖాయం చేసి రాయి, నేను రావులపాలెం మీదుగా మొదటి బస్సుకే వచ్చేస్తాను.

నీ మిత్రుడు